ఫిల్ములో రెండో మచ్చ

పుంగనూరు,
10 జూన్ 2024

మాధవికి,

కవరు చూసి కంగారు పడొద్దు. మేమందరం బాగానే ఉన్నాం. ఫోన్‌లో చెప్పలేని మాట కాబట్టి రాస్తున్నాను. మీ బావకు చెవులు మందగించినప్పటి నుంచి ఈ ఇంట్లో ఫోన్ అంటే స్పీకరే. ఒకరు మాట్లాడితే టమాటా కోసి వచ్చి వరండాలో కూర్చున్న కూలీలదాకా వినబడుతుంది. ఉత్తరమైతే చదివే ఓపిక ఎవరికీ లేదు. అది నాకు మంచిదే.

ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. చంక వైపు, రేగుపండంత. మూడు నెలలైంది. పాలు పిండేటప్పుడు దూడ తలతో కుమ్మింది. దానివల్లే అనుకున్నాను. కుమ్మిన నొప్పి వారంలో పోయింది, గడ్డ మాత్రం పోలేదు. చేత్తో నొక్కినా నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే నాకు నచ్చడం లేదు.

మందుల షాపు అతనికి సగం చెప్పేలోపే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "ఒంట్లో ఏడికి లేసిన గడ్డమ్మా, ఈ మందు పుయ్యి" అని గోడకే చెప్పాడు. చూడకుండా, అడగకుండా ఇచ్చిన ఆ మందు పదిరోజులు పూశాను. నా తెలివితక్కువతనం అది.

కుప్పంలో ఆడ డాక్టరు ఉంటే చెప్పు. వస్తాను. మీ బావకు నీ దగ్గర నాలుగు రోజులు ఉండి వస్తానని చెప్తాను.

ఎండకు టమాటా కాయలన్నీ పగిలాయి. వాటి గురించి ఇంట్లో రోజుకు నాలుగుసార్లు మాట్లాడుకుంటారు. ఈ గడ్డ గురించి మొదట నీకే చెప్తున్నాను.

అక్క,
నాగరత్న


కుప్పం,
29 జూన్ 2024

అక్కా,

నువ్వు బస్సెక్కి వెళ్లిన ఐదో రోజు రిపోర్టు వచ్చింది. ఫోన్ చేయొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇది చదివేటప్పుడు కూర్చో.

క్యాన్సరే. ఈ మాట నీకు నేనే రాయాల్సి వచ్చింది.

మిగతాది డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తాను. గడ్డ ఒకటే. రెండు సెంటీమీటర్ల లోపు ఉంది. చంకలో ఏమీ తగలలేదు. రొమ్ము మొత్తం తీయనక్కర్లేదు. గడ్డను, దాని చుట్టూ కొంచెం కండను తీస్తే చాలు. తర్వాత తిరుపతిలో మూడు వారాలు రేడియేషన్ కరెంటు పెట్టించుకోవాలి. మొత్తం తీసిన వాళ్లు ఎంతకాలం బతుకుతారో, ఇలా తీయించుకుని కరెంటు పెట్టించుకున్న వాళ్లూ అంతకాలం బతుకుతారట. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే చెప్పింది.

రిపోర్టును నేనెందుకు నమ్ముతున్నానో నీకు తెలుసు. మా పట్టుపురుగుల ఆఫీసులో గుడ్లు పెట్టిన సీతాకోకచిలుకను నూరి మైక్రోస్కోపు కింద చూడందే ఒక్క గుడ్డు కూడా రైతుకు ఇవ్వం. నీ గడ్డలో సూదితో తీసిన ముక్కనూ అలాగే చూశారు. ఇందులో ఊహ ఏమీ లేదు.

జులై పదకొండుకు రమ్మన్నారు. ఇక బావకు చెప్పక తప్పదు. గట్టిగా, ఒకేసారి చెప్పు. నసిగితే ఆయనకు వినపడదు.

మాధవీలత


పుంగనూరు,
14 జులై 2024

మాధవికి,

పదకొండున నేను రానందుకు నువ్వు కోపంగా ఉంటావు. జరిగింది రాస్తాను.

మీ బావకు చెప్పాను. ఆయన చేలోకి పోయి గంటకు తిరిగొచ్చాడు. తర్వాత తమ్ముడు అరుణ్ కుమార్‌కు ఫోన్ చేశాడు. స్పీకర్‌లోనే. మదనపల్లె మండీలో వ్యాపారం చేసే మనిషి కదా, ఊళ్లో అందరూ తెలుసు. "అన్నా, కుప్పంలో తీసింది సిన్న స్కాను. ఈడ ఎమ్మారై ఉండాది. అది తీస్తే అన్నీ కనపడతాయి" అన్నాడు. మరుసటి వారం ఒక స్కాను సెంటరుకు తీసుకుపోయారు. బోర్లా పడుకోబెట్టారు. బల్లకు రెండు గుంతలుంటాయి, రొమ్ములు వాటిలోకి వేలాడేలా పడుకోవాలి. చేతికి మందు ఎక్కించారు. అరగంట మిషన్ మోత. అది నేను భరించాను. పరీక్ష అంటే పరీక్షే.

తర్వాతది భరించలేకపోయాను. ఫిల్ము రాగానే అరుణ్ దాన్ని బయట హాల్లో కిటికీ అద్దానికి ఆనించి చూశాడు. ఎవరి పనిమీదో వచ్చిన నలుగురు మగవాళ్లు పక్కన నిలబడి చూశారు. ఒకాయన వేలితో చూపించి "ఈడొకటి, ఈడ ఇంగొకటి" అన్నాడు. నేను వాళ్ల వెనకే, చీర కొంగు కప్పుకుని కుర్చీలో ఉన్నాను.

అవును, రెండు ఉన్నాయి. నీ డాక్టరమ్మ చెప్పిన గడ్డ కాక, లోపలి వైపు ఇంకో మచ్చ. అక్కడి ఆసుపత్రి డాక్టరు రెండు చోట్ల ఉంది కాబట్టి రొమ్ము మొత్తం తీసేయడమే మేలన్నాడు. ఇరవై తొమ్మిదో తేదీ ఇచ్చాడు.

ఇంటికొచ్చాక అందరూ ఒకే లెక్క చెప్పారు. కుప్పంలో చూసినప్పుడు ఒకటే ఉంది. సూది గుచ్చారు. పదిహేను రోజుల్లో రెండయ్యాయి. సూది కెలికినందువల్లే పాకింది అంటున్నారు. కాదని చెప్పడానికి నా దగ్గర ఏముంది? ఆ సూది గుచ్చించింది నువ్వే కదా. నిన్ను అనడం లేదు. కానీ వాళ్లంటుంటే నేను ఊరికే ఉన్నాను.

ఫిల్ము ఫొటో మీ బావ వాళ్ల కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఉంది. "మా వాళ్లు" అని గ్రూపు పేరు. నలభై మూడు మంది. అరుణ్ కొడుకు భరత్ పెళ్లి పిలుపులకు పెట్టిన గ్రూపు అది. పైన నా పేరు, వయసు 52, అన్నీ ఉన్నాయి. ఎవరో మచ్చ చుట్టూ ఎర్రగీత గీసి మళ్లీ పెట్టారు. కింద దండాలు పెట్టే బొమ్మలు ముప్పై దాకా వచ్చాయి. ఒకామె తప్పు నొక్కి నవ్వే బొమ్మ పెట్టి, తీసేసి, దండం పెట్టింది.

నేను ఒప్పుకున్నాను. ఇరవై తొమ్మిదికి వెళ్తున్నాను.

నాగరత్న


కుప్పం,
17 జులై 2024

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆఫీసులో పని చేయలేకపోయాను. ముందు ముఖ్యమైనది రాస్తాను, నా కోపం తర్వాత.

నిన్న డాక్టరమ్మను కలిశాను. ఆమె చెప్పింది ఇది. సూది వల్ల పాకదు. ఆ రెండో మచ్చ సూదికి ముందే ఉంది. మామూలు స్కానులో కనపడనివి ఎమ్మారైలో కనపడతాయి, అందుకే దాన్ని తీస్తారు. కొందరికి అలా బయటపడ్డది నిజంగా క్యాన్సరే అవుతుంది, అప్పుడు ఆ స్కాను మేలు చేసినట్టే. కొందరికి అది వట్టి గడ్డ. ఫిల్ము చూసి ఏదో చెప్పలేరు. "స్కాను చోటు చూపిస్తుందమ్మా, పేరు చెప్పదు. పేరు సూది చెప్పాలి" అంది. ఆ మచ్చను కూడా సూదితో పరీక్ష చేయకుండా, దాన్ని నమ్మి రొమ్ము మొత్తం తీయకూడదు. మదనపల్లె డాక్టరు ఆ పరీక్ష అడగలేదంటే ఆమె నీ ఫైలు తెప్పించుకుని మళ్లీ చదివింది. ఎమ్మారై ఆమె ఎందుకు రాయలేదని కూడా అడిగాను. అందరికీ అక్కర్లేదని, నీ విషయంలో అవసరం అనిపించలేదని, ఇప్పుడు తీశారు కాబట్టి కనపడ్డదాన్ని వదిలేయకూడదని చెప్పింది.

ఇక నా కోపం.

ఆ ఫొటో గ్రూపులో పెట్టింది ఎవరు? ఆ ఇంట్లో ఒక్కరికైనా రోత పుట్టలేదా? అమ్మ చనిపోయేముందు పుండ్లకు కట్లు కట్టించుకుంటే నువ్వే గది తలుపు మూసి ఎవ్వరినీ రానివ్వలేదు. అలాంటి నీ ఒంటిని నలభై మూడు మంది అరచేతుల్లో పెట్టుకుని చూశారు. చూసి దండం పెట్టారు. అరుణ్‌కు తొమ్మిదో తేదీ నేను ఆఫీసు ఫోన్ నుంచి చేస్తే స్కాను తీశామన్నాడు. ఫొటో పంపండి, డాక్టరమ్మకు చూపిస్తానన్నాను. ఇవాళ్టికీ నాకు పంపలేదు. ఊరందరికీ చూపించే తీరిక ఉంది, డాక్టరుకు చూపించేందుకు లేదు.

బావ సంగతి కూడా అంటాను. ఆయనకు మిషన్ అంటే దేవుడితో సమానం. నీళ్లు వెతికే మిషన్ చూపించిన చోటల్లా బోరు వేసి చేనంతా తూట్లు చేసిన మనిషి. ఇప్పుడు నీమీద పడ్డాడు. నువ్వు ఆయన మాటకు ఎదురు చెప్పవు. ముప్పై ఏళ్లుగా చెప్పలేదు. ఈ ఒక్కసారి చెప్పు.

మాధవి


పుంగనూరు,
22 జులై 2024

మాధవీ,

నీ ఉత్తరంలో రెండు తప్పులున్నాయి. అవి చెప్పాక మిగతాది.

ఒకటి, ఫొటో గ్రూపులోకి వచ్చింది నీవల్ల. అరుణ్‌ను పిలిపించి అడిగాను. "మాధవక్క అడిగితే కదా వదినా నేను ఫొటో తీసింది. ఆఫీసు నంబరు నుంచి చేసింది, ఆమె సెల్లు నంబరు నాకాడ లేదు. ఎవురికాడన్నా ఉంటే పంపుతారని గ్రూపులో పెట్టినా" అన్నాడు. గ్రూపులో ఎవరి దగ్గరా నీ నంబరు లేదట. నలభై మూడు మందికి చేరింది, నీకు చేరలేదు. అతను చెడ్డవాడు కాదు. స్కాను రోజు తెల్లవారుజామునే వచ్చి నాకోసం వరుసలో నిలబడ్డాడు. కానీ ఒక ఆడమనిషి ఒంటి ఫొటో అన్న ఆలోచనే అతనికి రాలేదు. టమాటా బాక్సు ఫొటో పెట్టినట్టు పెట్టాడు. నాకు రోత పుట్టింది అక్కడే. చెడ్డవాళ్లయితే తిట్టేదాన్ని.

రెండోది మీ బావ. నేను ఒప్పుకున్నది ఆయన చెప్పాడని కాదు. ఆయన ఏమీ చెప్పలేదు. నలభై మూడు మంది చూశాక ఆ రొమ్ము నాదనిపించలేదు. పక్కింటివాళ్లు తొక్కిపోయిన చాప మాదిరి ఉంది. తీసేస్తే పోతుంది, ఇక చూడటానికి ఏమీ ఉండదు అనుకున్నాను. నువ్వు నన్ను నోరులేనిదాన్ని చేసి రాశావు. నాకు నోరుంది. మనసే విరిగింది.

అయినా నీ ఉత్తరంలో బోర్ల మాట దగ్గర ఆగిపోయాను. సాయంత్రం మీ బావ కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంటే, ఆ ఒక్క వాక్యం ఆయన చెవిలో గట్టిగా చదివాను.

"నన్ను ఎగతాళి జేస్తాండాదా ఆ పాప?" అన్నాడు.

"ఎగతాళో ఏందో, నేనడిగేదానికి సెప్పు. ఎన్ని బోర్లు ఏసినాం?"

"తొమ్మిది."

"తొమ్మిదింటికీ మిషనాయప్ప వచ్చి పాయింటు సూపించినాడా?"

"సూపించకుండా ఎవురన్నా ఏస్తారా?"

"నీళ్లు పడింది ఎన్నిట్లో?"

"మూడిట్లో. దాంట్లో ఒగటి ఇప్పుడు ఎండిపాయె."

"మిగిలిన ఆరిట్లో మిషన్‌కు కనపడింది ఏంది?"

ఆయనకు ఇది తెలిసిన విషయం కాబట్టి ఉత్సాహంగా చెప్పాడు. "రాయి. పగులుండే రాయి, సెమ్మగా ఉండే రాయి గూడా మిషన్‌కు నీళ్ల మాదిరే కనపడతాదంట. మిషన్‌ది తప్పు గాదు. ఏదో ఉండాదని సెప్తాది అంతే. ఏముండాదో బోరు ఏస్తేనే..."

అక్కడ ఆగాడు. నా వైపు తిరిగాడు.

"ఆ రెండో మచ్చ రాయో నీళ్లో సూసినారా?" అన్నాడు.

"సూడలేదు."

"సూడకుండా యాల కోసేది? బోరు ఏసి నీళ్లు సూడకుండా మోటారు దించే ఎర్రోడు యాడన్నా ఉండాడా?"

ఆయనే మళ్లీ "సూదితో పాకతాదంటాండారే మే" అన్నాడు. నాకు తెలియదు, ఆ డాక్టరమ్మనే అడుగుదాం పా అన్నాను.

అప్పటికప్పుడు అరుణ్‌కు ఫోన్ చేశాడు. "రేయ్, ఇరవై తొమ్మిదికి రాము. మీ వదినను కుప్పం పిల్సకపోతాండా" అన్నాడు. అరుణ్ ఏదేదో అన్నాడు. స్పీకర్‌లో ఊరంతా విన్నది. "రేపు ఏమన్నా అయితే నన్ననొద్దు అన్నా" అన్నది చివరి మాట.

గురువారం పొద్దున బస్సుకు వస్తాం. ఫిల్ము తెస్తాను. దుప్పట్లో చుట్టి తెస్తాను.

నాగరత్న


కుప్పం,
2 ఆగస్టు 2024

అక్కకు,

నీ ఉత్తరం బీరువాలో పెట్టుకున్నాను. మీరు వచ్చిన రోజు నీకు క్షమాపణ చెప్దామని నాలుగుసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ బావ అడ్డం వచ్చి డాక్టరమ్మ గురించి అడిగాడు. ఇప్పుడు రాస్తున్నాను. నావల్లే జరిగింది. నాకు పంపమన్నాను గానీ నా నంబరు చెప్పలేదు. ఒక మనిషి ఒంటి ఫొటో చేతులు మారే విషయంలో ఆ మాత్రం జాగ్రత్త పడలేదు.

రిపోర్టు వచ్చింది. రెండో మచ్చ వట్టి గడ్డ. క్యాన్సర్ కాదు. చోటు తెలిశాక మామూలు స్కానులో వెతికితే అదీ దొరికింది, సూదికీ అందింది కదా. వయసులో చాలామందికి వచ్చే గడ్డేనట, ఎన్నేళ్ల నుంచి ఉందో కూడా చెప్పలేమంది. దాన్ని కదిలించనక్కర్లేదు. మొదట చెప్పినట్టే చేస్తారు. పన్నెండో తేదీ సోమవారం.

బావ డాక్టరమ్మను "అమ్మా, ఈ సేన్లో బోరేస్తే పక్క సేన్లోకి నీళ్లు పాకతాయా" అని అడిగినప్పుడు నేను తల దించుకున్నాను. ఆమె నవ్వలేదు. "పాకవు పెద్దాయనా, ఇదీ అంతే" అంది. ఆయన ఇంకే ప్రశ్నా అడగలేదు. ఆయనను మిషన్ భక్తుడని రాసినందుకు కూడా నేను నోరు మూసుకోవాలి.

రెండు రోజులు ముందే రా. మెత్తటి నూలు జాకెట్లు రెండు కుట్టించాను, ముందు హుక్కులు పెట్టించి.

మాధవి


తిరుపతి,
4 అక్టోబర్ 2024

మాధవీ,

సత్రం గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇవాళ్టికి పది కరెంట్లయ్యాయి, ఇంకా ఆరు. తోలు ఎర్రబడింది. నీ జాకెట్లు తప్ప ఏదీ పడటం లేదు.

గాయం మానింది. మూడు వేళ్ల పొడవు గీత, అంతే. ఆ వైపు కొంచెం తగ్గినట్టుంది. జాకెట్ వేసుకుంటే నాకే తెలియదు. పాలు పిండటానికి ఈ నెలాఖరుదాకా వద్దన్నారు. మీ బావ పిండుతున్నాడు, ఆవు తన్నుతోంది.

ఇక్కడ వరుసలో రోజూ ముప్పై మంది ఆడవాళ్లం. వాల్మీకిపురం నుంచి వచ్చే ఒకామెకు ఎమ్మారైలో నా మాదిరే రెండోది కనపడిందట. సూదితో చూస్తే అదీ క్యాన్సరే. మొత్తం తీశారు. "తీసింది మంచిదాయ" అంది. ఆమె ఏడవలేదు, నేనూ ఏడవలేదు. తెలుసుకుని తీయించుకుంది. నేను తెలుసుకోకుండా తీయించుకోబోయాను. తేడా అదే.

గత నెల మా ఆడపడుచు మనవరాలికి చెవులు కుట్టించారు. వెళ్లాను. పలకరించిన ప్రతి ఒక్కరి చూపూ ముందు అక్కడికి పోయింది, తర్వాత మొహానికి వచ్చింది. కొందరు ఎడమ వైపు చూశారు, కొందరు మర్చిపోయి కుడివైపు చూశారు. అన్నం సయించలేదు. ఆకు ముందు నుంచి లేచి వచ్చేశాను.

అరుణ్ ఆ ఫొటో గ్రూపులోంచి తీసేశానన్నాడు. తీసేస్తే చూసినవాళ్ల ఫోన్లలోంచి పోతుందా? నీకు తెలిస్తే రాయి.

అక్క


కుప్పం,
23 అక్టోబర్ 2024

అక్కా,

నువ్వు అడిగినదానికి సమాధానం: పోదు. ఎలా తెలిసిందో రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఇంకొకరి నోట వినడం కంటే నేను రాయడం మేలు.

సోమవారం మధ్యాహ్నం ఆఫీసులో అన్నాలు తింటుంటే నాతో పనిచేసే ఇందు ఫోన్ చూస్తూ "పాపం అక్కా, సూడండి" అని నా ముందు పెట్టింది. నీ ఫిల్ము. ఎర్రగీత కూడా ఉంది. పైన నీ పేరు, 52 ఉన్నాయి. కింద రాసింది మాట మార్చకుండా రాస్తున్నాను: "సూదికి ముందు ఒకటి. సూదికి తర్వాత రెండు. డాక్టర్లు చెప్పని నిజం. గడ్డను సూదితో కదిలించవద్దు. ఈ సోదరి నేడు మన మధ్య లేరు. పది మంది ఆడపడుచులకు పంపి పుణ్యం కట్టుకోండి."

అది మా అక్క అని ఇందుతో చెప్పాను. నమ్మలేదు. "మీ అక్క బతికే ఉండాది కదా" అంది. అవును, అందుకే చెప్తున్నా అన్నాను. ఆమెకు ఎవరు పంపారని అడిగాను. వాళ్ల పిన్ని. ఆమెకు పలమనేరులో ఎవరో. ఆ పైన తెలియదు. అరుణ్‌ను అడిగాను, ఈసారి నా నంబరు నుంచే. ఆ రాత తనది కాదని ఒట్టు పెట్టుకున్నాడు. నమ్ముతున్నాను. ఎవరో ఒకరు ఫొటో తీసుకున్నారు, ఇంకొకరు రాత రాశారు, మూడో మనిషి నిన్ను చంపాడు. అందరూ పుణ్యం కోసమే పంపారు.

ఆ రోజు అన్నం పారేశాను. నీ ఒంటిని చూపించి, ఏ పరీక్ష నిన్ను కాపాడిందో దాన్నే వద్దంటున్నారు. దీనికి నేను చేయగలిగింది ఏమైనా ఉంటే చెప్పు. పోలీసులకు రాసిస్తాను. నీ పేరు బయట పడుతుందని ఆగాను.

మాధవి


పుంగనూరు,
3 నవంబర్ 2024

మాధవీ,

ఆ ఫొటో నాకు నీకంటే ముందే చేరింది. మా పేటలోనే చేరింది. నీకు రాయలేదు, నువ్వు తినడం మానేస్తావని.

వెంకటలక్ష్మమ్మ తెలుసు కదా, టమాటా కాయలు ఏరడానికి మా చేలోకి వస్తుంది. రెండు వీధుల అవతల ఇల్లు. నలభై నాలుగేళ్లుంటాయి. ఆమెకు గడ్డ ఉందని ఆరోగ్య కేంద్రం నర్సమ్మ కనిపెట్టి సూది పరీక్షకు రాసిచ్చింది. ఆమె పోలేదు. మళ్లీ వచ్చి అడిగితే ఫోన్ చూపించిందట. ఆ నర్సమ్మ రాతను కాదు, పైన పేరును చదివింది. నేరుగా మా ఇంటికి వచ్చి "అమ్మా, ఇది మీరేనా" అంది. వరండాలో మీ బావ ఉన్నాడు, కూలీలు ఉన్నారు. నేనే అన్నాను.

ఆ రోజంతా నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద అంటే చెప్పలేను. పోలీసులకు రాస్తే ఎవరినో ఒకర్ని పట్టుకుంటారు. ఫొటో తిరుగుతూనే ఉంటుంది. అది తిరిగే చోట నేను చచ్చిపోయి ఉన్నాను, సూది చంపింది. దాన్ని కాదనడానికి కాగితం చాలదు.

మరుసటి రోజు పొద్దున రిపోర్టులన్నీ తీసుకుని వెంకటలక్ష్మమ్మ ఇంటికి పోయాను. ఆమె పొయ్యి దగ్గర ఉంది. కూర్చోమని పీట వేసింది. ఆ ఫోన్ తియ్యి అన్నాను. తీసింది.

"ఈ నాగరత్నమ్మ నేనే" అన్నాను.

ఆమె ఫోన్ చూసింది, నన్ను చూసింది. "సచ్చిపోయినావని రాసినారే అమ్మా" అంది.

"సచ్చిపోయింటే నీ పీట మీద ఎట్ల కూసుంటాను?"

నవ్వింది. తర్వాత కాగితాలు చూపించాను. ఆమెకు చదువు రాదు. "కాగితాలు ఎవురైనా రాస్తారు. సూది గుచ్చినాక రెండూ తీసేసినారంట గదా నీకు. కొంగు కప్పుకుంటే మాకేం తెలస్తాది" అంది. ఎగతాళిగా కాదు. భయంతో అంది.

నేను లేచి తలుపు మూశాను. గడియ వేశాను. నువ్వు కుట్టించిన జాకెట్టే వేసుకుని ఉన్నాను, ముందు హుక్కులది. విప్పి చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. ఆ తర్వాత లేచి నన్ను దీపం గూటి కింద నిలబెట్టి మళ్లీ చూసింది. "ఇంతేనా?" అంది. ఇంతే అన్నాను. వేలితో ఆ గీత మీద రాసింది. పొయ్యి దగ్గర వేలు కదా, వేడిగా ఉంది. "రెండోది యాడ?" అంటే ఆమె చెయ్యి పట్టుకుని చూపించాను. అది ఇప్పటికీ లోపలే ఉంది, ఏమీ చేయదు అని చెప్పాను. సూది గుచ్చింది అక్కడ కూడా అన్నాను. "నొప్పా?" అంది. నొప్పే, కానీ రెండు నిమిషాలే అన్నాను. అబద్ధం చెప్పలేదు.

నలభై మూడు మంది చూసినప్పుడు నాకు రోత పుట్టింది. ఈమె చూసినప్పుడు పుట్టలేదు. అది వాళ్లు చూపించింది, ఇది నేను చూపించాను. హుక్కులు పెట్టుకుంటుంటే ఆమె నాకు సాయం చేసింది. తర్వాత తన జాకెట్ విప్పి తన గడ్డ నాకు చూపించింది. నా దాని కంటే పెద్దది. ఆ పుణ్యాత్ములు పంపింది ఆమె ఫోన్‌లోకి వచ్చి నలభై రోజులైంది. అన్ని రోజులూ అది పెరుగుతూ ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా నోట్లో చేదుగా ఉంది.

ఏడో తేదీ గురువారం ఆమెను కుప్పం తీసుకొస్తున్నాను. నువ్వు సెలవు పెట్టొద్దు, దారి నాకు తెలుసు. డాక్టరమ్మ ఎన్ని గంటలకు వస్తుందో మాత్రం కనుక్కుని చెప్పు. ఉత్తరం రాస్తే ఆలస్యమవుతుంది. ఫోనే చెయ్యి. స్పీకర్‌లో ఉన్నా ఫరవాలేదు.

అక్క,
నాగరత్నమ్మ